ఏడో నెల, ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నాకే బతకాలని లేదు

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్లు. ఇప్పుడు ఏడో నెల. పోయినేడు ఒకసారి మూడో నెలలోనే పోయింది, అందుకని ఈసారి ఇంట్లో అందరూ నన్ను కాలు కింద పెట్టనివ్వడం లేదు. మా ఆయనకు బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు వస్తారు. నేను అత్తగారింట్లో ఉంటున్నాను. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, అదే నా బాధ. పెళ్లికి ముందు నాకు డిప్రెషన్ వచ్చింది, డాక్టరు ఇచ్చిన టాబ్లెట్‌తో తగ్గింది, అది వాడుతూనే ఉన్నాను. మా ఆయనకు తెలుసు, అత్తగారికి తెలియదు. ప్రెగ్నెన్సీ అని తెలిసిన రోజే బిడ్డకు ఏమవుతుందోనని మానేశాను, ఎవర్నీ అడగలేదు. కొంతకాలంగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. అన్నం సయించదు. స్కానింగ్‌లో బిడ్డను చూపిస్తే అందరూ మురిసిపోయారు, నాకేమీ అనిపించలేదు. నేను లేకపోతేనే అందరికీ సుఖమేమో అనిపిస్తోంది. పోయిన వారం ఒక రాత్రి ఎలా అన్నది కూడా ఆలోచించాను. బిడ్డ కదిలింది, భయమేసి ఆగిపోయాను. చెకప్‌లో చెబుదామంటే అత్తగారు పక్కనే ఉంటారు. చెబితే పిచ్చిదని ముద్ర వేసి బిడ్డను నా దగ్గర ఉంచరేమో. పోలీసు కేసు అవుతుందా? వచ్చే వారం శ్రీమంతం, అంతమందిలో నవ్వుతూ కూర్చోవాలంటే టెన్షన్‌గా ఉంది. మందు మళ్లీ మొదలుపెడితే పాలివ్వొచ్చా? పేరు వేయకండి.

జవాబు: చెల్లీ, నీ మెయిల్ చూసిన రాత్రే నీకు విడిగా రాశాను, 14416 నంబరు పంపాను. "చూశాను అక్కా" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. అది నాకు చాలదు. అందుకే మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టి ముందు నీకు రాస్తున్నాను. నీలాగే పొట్ట మీద చెయ్యి వేసుకుని ఇది చదువుతున్నవాళ్లు ఇంకా ఉంటారని నాకు తెలుసు, వాళ్లకు కూడా ఇదే జవాబు.

మొదట ఒక పని చేసి తర్వాత మిగతాది చదువు. ఆ రాత్రి వచ్చిన ఆలోచన ఇప్పుడు కూడా మనసులో ఉంటే, లేదా ఎలా ఎప్పుడు అన్నది తిరుగుతూ ఉంటే, ఇది చదవడం ఆపేసి లేచి వెళ్లి ఇంట్లో ఎవరుంటే వాళ్ల పక్కన కూర్చో. అత్తగారైనా సరే. "నాకు ఒంట్లో బాగాలేదు, ఒంటరిగా ఉండలేను" అను, అంత చాలు, కారణం తర్వాత చెప్పుకోవచ్చు. 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అది కలవకపోతే 1800 891 4416 ఉంది. ఆగలేని పరిస్థితి అయితే 108కో 112కో చెయ్యి, లేదా దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లమను. కడుపులో నొప్పి వస్తే అర్ధరాత్రి అయినా లేపేదానివి కదా, ఇది అంతకంటే చిన్నదేమీ కాదు.

ఇక నెమ్మదిగా మాట్లాడుకుందాం.

నేను గర్భిణుల ఓపీలో చాలా ఏళ్లు నర్సుగా చేశాను. అక్కడ ఏం జరుగుతుందో నీకూ తెలుసు. బరువు చూస్తాం, బీపీ చూస్తాం, వేలు గుచ్చి రక్తం తీస్తాం, పొట్ట కొలుస్తాం, బిడ్డ గుండె చప్పుడు వింటాం, కార్డు మీద అన్నీ రాస్తాం. ఆ కార్డులో "మనసెలా ఉంది" అన్న గడి నాకెప్పుడూ కనబడలేదు. లైనులో అరవై మంది ఉంటే ఎవరడుగుతారు? నువ్వు చెప్పలేదని నువ్వు తప్పుచేసినదానిలా బాధపడుతున్నావు గానీ, నిన్ను అడిగినవాళ్లే లేరు.

కడుపుతో ఉన్నప్పుడు ఆడదానికి సంతోషం తప్ప ఇంకేమీ రాకూడదని మనవాళ్ల నమ్మకం. వేవిళ్లు రావచ్చు, కాళ్లు వాయొచ్చు, షుగర్ రావచ్చు, దిగులు మాత్రం రాకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఏం చెబుతోందంటే గర్భంతో ఉన్నవాళ్లలో నూటికి పది మందికి, కొత్తగా ప్రసవించినవాళ్లలో పదమూడు మందికి ఏదో ఒక మానసిక సమస్య వస్తుంది, ఎక్కువగా డిప్రెషన్. మనలాంటి దేశాల్లో ఇంకాస్త ఎక్కువ, గర్భంలో 15.6, ప్రసవం తర్వాత 19.8 శాతం. అంటే ఆ అరవై మంది లైనులో నీతో పాటు ఇంకో ఎనిమిది తొమ్మిది మంది ఉంటారు, అందరూ నవ్వుతూనే నిలబడి ఉంటారు. 2012లో అదే సంస్థ, గర్భంలోనో ప్రసవం తర్వాతి వారాల్లోనో జరిగే ఆత్మహత్యను తల్లి మరణాల లెక్కలోనే నేరుగా వేయమని చెప్పింది, అధిక రక్తస్రావాన్నీ గుర్రపువాతాన్నీ వేసే పట్టికలోనే. ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. నీకు వచ్చింది గర్భంలో వచ్చే కాంప్లికేషన్లలో ఒకటి, దానికి వైద్యం ఉంది, ఆ వైద్యం చాలామందికి బాగా పనిచేస్తుంది. నీకే ఒకసారి పనిచేసింది, నువ్వే రాశావు.

ఆ టాబ్లెట్ సంగతికి వద్దాం, ఎందుకంటే నీ ఉత్తరంలో నన్ను గట్టిగా పట్టుకున్నది అదే. టెస్టులో రెండు గీతలు కనబడగానే మానేశావు. నిన్ను తిట్టను, నీ స్థానంలో చాలామంది అదే చేస్తారు, మెడికల్ షాపువాడు కూడా అదే చెబుతాడు. కానీ డిప్రెషన్ మందు ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు లాంటివి కొన్ని రోజులు వస్తాయి. అది ఒక సంగతి. అసలు జబ్బు తిరగబెట్టడం ఇంకో సంగతి. 2006లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో గర్భం వచ్చాక మందు కొనసాగించినవాళ్లలో 26 శాతం మందికి డిప్రెషన్ తిరగబెడితే, మానేసినవాళ్లలో 68 శాతం మందికి తిరగబెట్టింది. వాళ్లంతా అంతకుముందు నుంచీ జబ్బు తీవ్రంగా ఉండి పెద్ద ఆసుపత్రుల్లో చూపించుకుంటున్నవాళ్లు, కాబట్టి ఆ అంకెను అందరికీ అంటగట్టకూడదు. అయినా నీ కథ దానికి దగ్గరగానే ఉంది: ముందు జబ్బు ఉంది, మందుతో తగ్గింది, మందు ఆగింది, కొన్ని నెలలకు తెల్లవారుజామున మూడింటికి మెలకువ. నువ్వు బలహీనురాలివి కావడం వల్లో, బిడ్డ మీద ప్రేమ లేకపోవడం వల్లో వచ్చింది కాదు ఇది. స్కానింగ్‌లో బిడ్డను చూసినప్పుడు ఏమీ అనిపించకపోవడం కూడా ఈ జబ్బు లక్షణమే. అన్నం రుచి లేకుండా చేసింది ఏదో, ఇదీ అదే చేసింది.

పాత స్ట్రిప్పు ఇంట్లో ఉంటే అది తీసి నీ అంతట నువ్వు మళ్లీ మొదలుపెట్టకు. ఇంతకాలం ఆపిన మందును ఏ మోతాదులో మొదలుపెట్టాలో, అసలు అదే కావాలో వేరేది కావాలో సైకియాట్రిస్టు చెప్పాలి.

"బిడ్డ కదిలింది, ఆగిపోయాను" అని రాశావు. ఆ రాత్రి నిన్ను ఆపినదానికి నేను దండం పెడతాను. కానీ చెల్లీ, నీ ప్రాణాన్ని కాపాడే డ్యూటీ కడుపులో ఉన్న పసిగుడ్డు మీద వేసి మేమందరం పడుకోలేం. ఆ పని పెద్దవాళ్లది. ముందు మీ ఆయనది.

శనివారం దాకా ఆగకు. ఫోనులో చెప్పు, ఈ రాత్రే. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఈ మాటలు వాడుకో: "నాకు మళ్లీ డిప్రెషన్ వచ్చింది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోంది. పోయిన వారం ఎలా అని కూడా ఆలోచించాను. నన్ను ఒంటరిగా వదలొద్దు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు." నాలుగే ముక్కలు. "మనసు బాలేదు", "ఏదోలా ఉంది" అంటే లాభం లేదు, ఆ మాటలకు మగవాళ్లు "రెస్ట్ తీసుకో, శనివారం వస్తాగా" అంటారు, వాళ్ల తప్పు కూడా కాదు, ఆ మాటల్లో ప్రమాదం వినబడదు. చావు అన్న మాట నోటితో అనడం కష్టమే, నాకు తెలుసు, నాకు రాశావు చూడు, అలాగే రాసి వాట్సాప్‌లో పంపెయ్. లేదంటే ఈ పేజీయే పంపు.

తమ్ముడూ, ఇది నువ్వు చదువుతున్నావంటే మీ ఆవిడ పంపినట్టు. బండెక్కు. మేనేజరుకు ఏం చెబుతావో నీ ఇష్టం, మా ఆవిడ ఆసుపత్రిలో ఉందని చెప్పు, నా దృష్టిలో అది అబద్ధం కాదు. వచ్చాక సూటిగా అడుగు: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని అనుకున్నావా? ఇప్పుడు కూడా ఉందా?" అలా అడిగితే లేని ఆలోచన కల్పించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు, అలా ఏమీ కాదు, అడిగితే గుండె మీద బరువు సగం దిగుతుంది. తను ఏది అనుకుందో తెలుసుకుని ఆ వస్తువు ఇంట్లో లేకుండా చెయ్యి, అందరి మందులూ, మీ నాన్నగారి బీపీ మాత్రలతో సహా, నీ చేతిలోకి తీసుకో. రాత్రిళ్లు పక్కన ఎవరో ఒకరు ఉండాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే వెయ్యకు. "డాక్టరుకు చెబుతాను, మిగతావాళ్లకు నువ్వు సరేనంటేనే చెబుతాను, కానీ నీ ప్రాణం మీదికి వస్తే ఎవరికైనా చెబుతాను" అని ముందే చెప్పెయ్. ఇంకో మాట. "బిడ్డ కోసమైనా ధైర్యంగా ఉండు" అనొద్దు. మంచి మాటే అనుకుంటాం గానీ, తను ఇప్పటికే బిడ్డకు తగిన తల్లిని కాననుకుంటోంది, ఆ మాట వెళ్లి అక్కడే గుచ్చుకుంటుంది. ఏమనాలో తోచకపోతే ఏమీ అనకుండా పక్కన కూర్చో, టిఫిన్ తినిపించు, ఆసుపత్రిలో నంబరు తీసుకో. పని చేసే మనిషి కావాలి తనకిప్పుడు, స్పీచ్ ఇచ్చే మనిషి కాదు.

ఇక చెకప్ సంగతి. అత్తగారు పక్కనే ఉంటారన్నావు. ఇది ప్రతి ఓపీలోనూ ఉన్న సమస్యే, దీనికి మాకు అలవాటైన ఉపాయాలు ఉన్నాయి. బరువు చూసే సిస్టర్ దగ్గర డాక్టరు గదిలో కంటే జనం తక్కువ ఉంటారు, ఆవిడతో మెల్లగా "మేడంతో నేనొక్కదాన్నే మాట్లాడాలి సిస్టర్" అను. మేం అర్థం చేసుకుంటాం, "లోపల పరీక్ష చెయ్యాలి, పెద్దావిడా మీరు బయట కూర్చోండి" అని మేమే పంపేస్తాం, ఎన్నిసార్లు పంపామో. అదీ కుదరకపోతే ఒక చీటీ మీద రెండు లైన్లు రాసి కార్డులో పెట్టి డాక్టరు చేతికి ఇవ్వు: ఇంతకుముందు డిప్రెషన్ ఉంది, ఫలానా టాబ్లెట్ ఫలానా నెలలో మానేశాను, ఇప్పుడు ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయి. పాత ప్రిస్క్రిప్షన్ ఫొటో ఫోనులో ఉంటే అదీ చూపించు. డాక్టరు హడావిడిలో "టెన్షన్ పడకమ్మా, అన్నీ నార్మలే" అని కార్డు తిరిగి ఇచ్చేస్తే, ఇస్తారు కొందరు, అక్కడి నుంచి లేవకు. "సైకియాట్రిస్టుకు రాసివ్వండి మేడం" అని అడుగు. ఆ ఒక్క మాట అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అక్కడ నీకు పది ప్రశ్నల కాగితం ఒకటి ఇవ్వొచ్చు. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరోలో తయారైంది, 1987 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. పోయిన ఏడు రోజుల్లో ఎలా ఉన్నావని అడుగుతుంది, నవ్వగలుగుతున్నావా, నిద్ర పడుతోందా, ఊరికే నిన్ను నువ్వు నిందించుకుంటున్నావా, ఇలా. పదో ప్రశ్న నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. మంచి అమ్మాయిలా మార్కులు తెచ్చుకోవాలని చూడకు, ఉన్నది ఉన్నట్టు టిక్కు పెట్టు. మిగతా తొమ్మిదింటికీ సున్నా వచ్చినా పదోదానికి అవునంటే డాక్టరు ఆగి మాట్లాడి తీరాలి.

నీ భయాల్లో చట్టానికి సంబంధించినవి తేల్చేస్తాను. పోలీసు కేసు: ఆలోచన వచ్చిందని డాక్టరుకు చెప్పడం ఎప్పుడూ నేరం కాదు. ప్రయత్నం చేసినవాళ్లను కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా చూడాలనీ, శిక్షించకూడదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అయితే ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన ఆ పాత 309 సెక్షనే లేదు. బిడ్డను లాక్కుంటారా అన్నావు, అదే చట్టం 21వ సెక్షన్ చూడు: మానసిక చికిత్స కోసం ఆసుపత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. తల్లి జబ్బు వల్ల బిడ్డకు ప్రమాదం ఉందని డాక్టరు అనుకుంటే తప్ప చేయకూడదు, చేసినా అది తాత్కాలికమే, 15 రోజులకొకసారి మళ్లీ పరిశీలించాలి. అయినా నీకు ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేం, చాలామందికి ఓపీలోనే అయిపోతుంది. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది, 23వ సెక్షన్. నీ ఫైలు చూసి మీ అత్తగారికి చెప్పే పని ఏ డాక్టరుకూ లేదు.

పిచ్చిదంటారేమో అన్నది మాత్రం చట్టంతో తేలేది కాదు. అంటారు, ఎవరో ఒకరు అంటారు. దిష్టి తీయాలంటారు, గాలి సోకిందంటారు, "మేం కనలేదా పిల్లల్ని" అంటారు. అనేవాళ్ల నోళ్లు మూయించే ఓపిక నీకిప్పుడు లేదు, అక్కర్లేదు కూడా. నిమ్మకాయ తిప్పితే తిప్పనీ, దాంతో నష్టం లేదు, డాక్టరు దగ్గరికి మాత్రం ఆ పూటే వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లాలి? నీ ఊరు రాయలేదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్న ఏ ఊళ్లోనైనా బోధనాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో అడుగు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద డాక్టరు దొరికే అవకాశం ఉంది. విశాఖలో, హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. మీ ఆయన ఉండేది బెంగళూరు కాబట్టి ఇంకో దారి కూడా ఉంది, అక్కడి నిమ్‌హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య సంస్థలో గర్భిణులకూ బాలింతలకూ ప్రత్యేకంగా చూసే విభాగం ఉంది, తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే వార్డు కూడా ఉంది. పురుడు ఎక్కడ పోయాలన్నది మీ ఇంట్లో ఎలాగూ మాట్లాడుకుంటూ ఉంటారు, ఆ మాటల్లో ఇది కూడా ఒకటి కావాలి.

వెళ్లాక ముందు రక్తపరీక్షలు రాస్తారు, థైరాయిడ్, హిమోగ్లోబిన్, కొందరు బి12. థైరాయిడ్ తగ్గినా రక్తం తగ్గినా ఇలాంటి నీరసం, దిగులు వస్తాయి కాబట్టి అవి చూడటం మంచిదే, కానీ ఐరన్ మాత్రలు రాసి పంపించేస్తే ఒప్పుకోకు, ఆ రాత్రి సంగతి మళ్లీ చెప్పు. మందుల గురించి నీకున్న భయానికి ఆధారం ఉంది, పూర్తిగా కొట్టిపారేయను. గర్భంలో వాడకూడని మందులు ఉన్నాయి, ఉదాహరణకు మూర్ఛకూ, మూడ్ బాగా ఎక్కువ తక్కువలయ్యే జబ్బుకూ ఇచ్చే వాల్‌ప్రోయేట్, అది బిడ్డకు హాని చేస్తుందని గట్టిగా తెలుసు. అందుకే పాత ప్రిస్క్రిప్షన్ తీసుకెళ్లమన్నాను. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు మాత్రం చాలా ఏళ్లుగా గర్భిణులకు ఇస్తున్నారు. చివరి నెలల్లో వాడితే కొందరు పిల్లలు పుట్టిన మొదటి కొద్ది రోజులు చిరాగ్గా ఉంటారు, పాలు సరిగ్గా తాగరు, ఎక్కువమందికి దానంతట అదే సర్దుకుంటుంది, డాక్టరుకు ముందే తెలిస్తే ఒక కన్నేసి ఉంచుతారు. అరుదుగా వచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి, అవి డాక్టరుతో మాట్లాడు. కానీ త్రాసులో రెండో వైపు కూడా చూడాలి కదా, నిద్ర లేదు, తిండి లేదు, ప్రాణం మీద ఆశ లేదు. వైద్యం లేని డిప్రెషన్‌లో నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తక్కువ ఉండటం ఎక్కువగా కనబడతాయి. మందు వాడకపోతే బిడ్డకు ఏ రిస్కూ లేదన్న లెక్క తప్పు.

మాటలతో చేసే వైద్యం కూడా ఉంది, అది ఉత్త కబుర్లు కాదు. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ అమెరికాది కాదు, పాకిస్తాన్‌ది. రావల్పిండి పల్లెల్లో మన ఆశా కార్యకర్తల్లాంటి ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపించారు. వాళ్లు చేసిందల్లా ఆ ఆడవాళ్ల తలలో తిరిగే ఆలోచనల్ని ఒక్కొక్కటే బయటికి తీయించి, వాటిలో ఏది నిజమో ఏది జబ్బు చెబుతున్నదో విడదీయడం, చిన్న చిన్న పనులు మొదలుపెట్టించడం. 2008లో ఫలితాలు వచ్చాయి: ప్రసవమైన ఆరు నెలలకు, ఇలా మాట్లాడినవాళ్లలో 23 శాతం మంది డిప్రెషన్‌లో ఉంటే, మాట్లాడనివాళ్లలో 53 శాతం మంది ఉన్నారు. ఆ తర్వాత మన గోవాలో కూడా మామూలు తల్లులకే నేర్పించి చేశారు. నీలాంటి పరిస్థితిలో, ఎలా అన్నది కూడా ఆలోచించినప్పుడు, ఇదొక్కటే చాలదు, మందు కూడా కావాల్సి రావచ్చు. కానీ "నేను లేకపోతే అందరికీ సుఖం" అన్న వాక్యం ఉంది చూడు, దాన్ని ఒక మనిషి ఎదురుగా పెట్టి పరీక్షిస్తే అది ఎంతసేపు నిలబడుతుందో నీకే తెలుస్తుంది. పోయినేడు పోయిన బిడ్డ గురించి నువ్వు ఒక్క లైను రాసి దాటేశావు. ఆ దుఃఖం ఎవరితోనైనా మాట్లాడావా? మూడో నెలేగా అని అందరూ సర్దిచెప్పి ఉంటారు. కౌన్సెలర్ దగ్గర అది కూడా తియ్యి.

"వాళ్లు చెడ్డవాళ్లు కాదు, అదే నా బాధ" అన్నావు. భర్త కొడితేనో, మగపిల్లాడు కావాలని అత్త వేధిస్తేనో వచ్చే దిగులు అందరికీ అర్థమవుతుంది. (అలాంటి ఇంట్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఉంటే, మీకు 181 నంబరు ఉంది, ఆడో మగో నిర్ణయించేది తండ్రి వైపు నుంచి వచ్చే కణమని మీ ఇంట్లోవాళ్లకు ఎవరైనా చెప్పాలి.) మంచివాళ్ల మధ్య వచ్చే దిగులుకు మాత్రం కారణం చూపించలేక నలిగిపోతాం. కారణం చూపించక్కర్లేదు. షుగర్ వచ్చినవాళ్లను నీకేం లోటని వచ్చిందని ఎవరూ అడగరు కదా.

అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, మీ ఆయన వచ్చాక ఇద్దరూ కలిసి తేల్చుకోండి. నా అనుభవంలో మాత్రం, పురిటికి వచ్చే కోడళ్ల వెంట పదేపదే ఓపీకి తిరిగే అత్తలు మనం అనుకున్నంత కఠినులు కారు. తమ కాన్పుల్లో తాము ఎవరికీ చెప్పుకోలేనిది ఒకటి వాళ్ల దగ్గర కూడా ఉంటుంది, ఎవరూ అడగక చెప్పరు. అందరూ ఇలాగే ఉంటారని నేను హామీ ఇవ్వలేను.

శ్రీమంతం వాయిదా వెయ్యొచ్చు. డాక్టరు రెస్ట్ చెప్పారంటే ఎవరూ మారుమాట్లాడరు, ఏడో నెలలో కాకపోతే తొమ్మిదో నెలలో చేస్తారు, అసలు చేయకపోయినా కొంప మునగదు. చెయ్యక తప్పదంటే అరగంట, దగ్గరివాళ్లతో, గాజులు వేసి అక్షింతలు వెయ్యగానే లోపలికి వెళ్లి పడుకునేలా మీ ఆయన చూసుకోవాలి, ఫొటోల కోసం కూర్చోబెట్టొద్దు. నవ్వు రాకపోతే నవ్వకు. నెలల మనిషి అలసిపోయిందనుకుంటారు, అంతే.

ప్రసవం తర్వాత గురించి ఇప్పుడే మీ ఆయనకు ఒక సంగతి తెలిసి ఉండాలి. మూడో రోజు నుంచి పదో రోజు దాకా చాలామంది బాలింతలు ఊరికే ఏడుస్తారు, రెండు వారాల్లో పోతుంది, దానికి కంగారు అక్కర్లేదు. రెండు వారాలు దాటినా పోకపోతే డాక్టరు. కానీ రెండు మూడు రాత్రులు అసలు నిద్రే పోకుండా, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఎవరో బిడ్డను ఏదో చేస్తున్నారని అనుమానిస్తూ, వినబడని మాటలు వినబడుతున్నాయంటే అది వేరే జబ్బు, వెయ్యి మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది నీకు వస్తుందని కాదు. ఇంట్లో ఒకరికి తెలిసి ఉంటే చాలు.

చివర్లో పాల గురించి అడిగావు. బతకాలని లేదని రాసిన ఉత్తరంలోనే పాలివ్వొచ్చా అని అడిగావు, అది నేను గమనించాను. ఇవ్వొచ్చు. సెర్ట్రలిన్ పాలలోకి చాలా తక్కువగా వెళుతుంది, అది వాడుతున్న తల్లులకు పాలివ్వమనే డాక్టర్లు చెబుతారు. వేరే మందు ఇస్తే ఆ మందు గురించి అడుగు, పిల్లల డాక్టరుకూ చెప్పు. ఏదో కారణంతో పాలు ఇవ్వలేకపోయినా బిడ్డ పెరుగుతుంది, రాత్రి నాలుగైదు గంటలు నువ్వు నిద్రపోయేలా ఒక పూట పాలు మీ ఆయనో అమ్మో పట్టడం నీ వైద్యంలో భాగమే అనుకో.

ఈ రాత్రి మీ ఆయనకు ఫోన్. రేపు డాక్టరు. మధ్యలో ఎప్పుడు ఆలోచన వచ్చినా 14416. రేపు సాయంత్రం నాకు మెయిల్ పెట్టు, ఈసారి "చూశాను" అని కాదు, డాక్టరు ఏమన్నారో, ఏ మందు రాశారో, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో రాయి.